స్టీరింగు బిగిసింది, బ్రేకు గట్టిపడింది – ఎందుకు?

కంగ్టి కర్ణాటక సరిహద్దు దగ్గరి మండలం. 2016 దాకా మెదక్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. ఇక్కడి జనం పనుల మీద నారాయణఖేడ్ పోతారు. పిట్లం పోతారు. బీదర్ కూడా పోతారు. బస్సు దొరికితే బస్సులో పోతారు. దొరకకపోతే జీపు ఎక్కుతారు, ఆటో ఎక్కుతారు. అంగడి రోజు జీపు నిండా మనుషులే. పైన కందుల సంచులు, కూరగాయల గంపలు.

అంతమంది ప్రాణం రెండు వస్తువుల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి స్టీరింగు. రెండోది బ్రేకు. స్టీరింగు బండిని మలుపుతుంది. బ్రేకు బండిని ఆపుతుంది. ఈ రెండూ ఒక్కసారే మొరాయిస్తే? డ్రైవరుకు చెమటలు పడతాయి. ఏం చేయాలో తోచదు. భయంతో తప్పు పని చేస్తాడు.

భయం పోవాలంటే కారణం తెలియాలి. ఆ కారణం ఏమిటో చూద్దాం.

చేతికి సాయం, కాలికి సాయం

పాత అంబాసిడర్ కారు గుర్తుందా? 1958 నుంచి 2014 దాకా ఆ బండి మన దేశంలో తయారైంది. పాత అంబాసిడర్ స్టీరింగు తిప్పాలంటే భుజాల బలం కావాలి. బండి నిలబడి ఉన్నప్పుడు తిప్పడం ఇంకా కష్టం.

ఇప్పటి కార్లలో, జీపుల్లో అంత కష్టం లేదు. ఒక వేలితో తిప్పినా స్టీరింగు తిరుగుతుంది. మనిషి బలం పెరిగిందా? లేదు. బండిలో సాయం చేసే యంత్రం ఉంది. దాన్ని పవర్ స్టీరింగు అంటారు. 1951లో అమెరికాలో క్రిస్లర్ కంపెనీ దీన్ని కార్లలో పెట్టి అమ్మింది. తర్వాత అది ప్రపంచమంతా వచ్చింది.

పవర్ స్టీరింగు రెండు రకాలు. మొదటిది ఆయిల్ రకం. ఇంజను తిరిగితే ఒక పంపు తిరుగుతుంది. ఆ పంపు ఆయిల్‌ను గట్టిగా నెడుతుంది. ఆ ఆయిల్ చక్రాలను మలపడానికి సాయం చేస్తుంది. రెండోది కరెంటు రకం. దీనిలో చిన్న మోటారు సాయం చేస్తుంది. కొత్త కార్లలో ఎక్కువగా ఈ రకమే ఉంది.

బ్రేకుకు కూడా ఇట్లాంటి సాయమే ఉంది. దాని పేరు బూస్టర్. బానెటు లేపితే డ్రైవరు కూర్చునే వైపు నల్లటి గుండ్రటి డబ్బా కనిపిస్తుంది. చూడటానికి బోర్లించిన గిన్నె లెక్క ఉంటుంది. అదే బూస్టర్.

గాలి బరువు మోస్తుంది

బూస్టర్ ఎట్లా పనిచేస్తుంది? గాలితో పనిచేస్తుంది. గాలికి బలం ఉందా? ఉంది. చాలా ఉంది.

కొబ్బరి బొండంలో పుల్ల పెట్టి నీళ్ళు తాగుతాం కదా. మనం పుల్లలోని గాలిని పీలుస్తాం. అప్పుడు బయటి గాలి నీళ్ళను నొక్కుతుంది. నీళ్ళు పైకి ఎక్కుతాయి. అంటే నీళ్ళను ఎక్కించింది బయటి గాలి బలమే.

మన చుట్టూ ఉన్న గాలి ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద దాదాపు 1 కిలో బరువుతో నొక్కుతుంది. అరచేతి మీదనే 100 కిలోలకు పైగా బరువు ఉన్నట్టు! మరి మనకు ఎందుకు తెలియదు? పైనుంచి ఎంత నొక్కుతుందో కిందనుంచీ అంతే నొక్కుతుంది. రెండు వైపులా సమానం. అందుకే తెలియదు.

బూస్టర్ డబ్బాలో నడుమ ఒక రబ్బరు పొర ఉంటుంది. డబ్బాలోని గాలిని ముందే లాగేస్తారు. ఇట్లా గాలి లాగేసిన స్థితిని వాక్యూమ్ అంటారు. డ్రైవరు బ్రేకు తొక్కగానే పొరకు ఒక వైపు బయటి గాలి వస్తుంది. రెండో వైపు వాక్యూమ్ అట్లాగే ఉంటుంది. అప్పుడు గాలి ఆ పొరను జోరుగా నెడుతుంది.

ఎంత జోరుగా? ఒక లెక్క చేద్దాం. పొర వెడల్పు 400 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. అది అన్నం తినే పళ్ళెం అంత ఉంటుంది. డబ్బాలోని గాలిలో మూడు వంతుల్లో రెండు వంతులు లాగేశామనుకుందాం. అప్పుడు పొర మీద పడే బలం 260 కిలోలకు పైగా ఉంటుంది. అంటే రెండు క్వింటాళ్ళ జొన్నల సంచులు మోపినంత కన్నా ఎక్కువ. డ్రైవరు కాలు కొంచెమే నొక్కుతుంది. మిగతా బరువంతా గాలి మోస్తుంది.

ఈ సాయం లేకపోతే బ్రేకు పూర్తిగా పోదు. కాని కాలి బలం మీదనే ఆపాలి. అప్పుడు పెడలు రాయిలాగా గట్టిగా అనిపిస్తుంది.

వాక్యూమ్ ఎక్కడి నుంచి వస్తుంది?

పెట్రోలు ఇంజను గాలిని పీల్చుకుంటుంది. ఆ పీల్చే గొట్టం నుంచే బూస్టర్‌కు వాక్యూమ్ దొరుకుతుంది. కొన్ని పెట్రోలు బండ్లకు మాత్రం వేరే పంపు ఉంటుంది.

డీజిల్ ఇంజను తీరు వేరు. దాని గొట్టంలో అంత వాక్యూమ్ ఉండదు. అందుకే డీజిల్ బండికి వేరే పంపు పెడతారు. దాన్ని వాక్యూమ్ పంపు అంటారు. పాత డీజిల్ జీపులు చాలావాటిలో ఇది డైనమో వెనుక భాగానికి బిగించి ఉంటుంది. డైనమో తిరిగితేనే ఇది తిరుగుతుంది. డైనమో దేనితో తిరుగుతుంది? బెల్టుతో.

ఇక్కడే అసలు సంగతి ఉంది. దాన్ని ఒక ఉదాహరణతో తెలుసుకుందాం.

మెస్త్రీ అడిగే ప్రశ్నలు

డీజిల్ జీపు డ్రైవరు ఒకరు మెస్త్రీ దగ్గరికి వచ్చారనుకుందాం. వాళ్ళ మాటలు ఇట్లా ఉంటాయి.

“మెస్త్రీ అన్నా, స్టీరింగు తిరుగుతలేదే. రాయి లెక్క అయింది.”

“బ్రేకు ఎట్లుంది తమ్మీ?”

“అది గూడ గట్టిగైంది. ఎంత తొక్కినా లోపలికి దిగుతలేదు.”

“రెండూ ఒక్కసారే అయినయా? ఒకదాని ఎనుక ఒకటి అయినయా?”

“ఒక్కసారే అయినయన్నా. ముందుగాల టప్పుమని చప్పుడైంది.”

“ఎర్రలైటు ఏమన్న వెలిగిందా?”

“వెలిగింది. బ్యాటరీ బొమ్మ లైటు.”

“ఇంజను వేడి చూపే ముల్లు?”

“మీదికి పోయింది. జర్ర సేపట్ల పొగలు రావట్టినయి.”

“అట్లయితే బ్రేకు ఇప్పుడే ఇప్పకు. స్టీరింగు ఇప్పకు. ఇంజను చల్లారనియ్యి. బెల్టు చూద్దాం.”

మెస్త్రీ పానా ముట్టలేదు. అయినా రోగం పట్టేశాడు. ఎట్లా? ప్రశ్నలు అడిగి పట్టాడు.

రెండు వస్తువులు ఒక్కసారే చెడిపోవడం అరుదు. స్టీరింగు వేరు, బ్రేకు వేరు. రెండూ ఒకే నిమిషంలో మొరాయిస్తే రెండింటికీ కలిసిన వస్తువు ఏదో వెతకాలి. ఊళ్ళో ఒక ఇంట్లో లైటు పోతే ఆ ఇంటి వైరు చూస్తాం. వీధి అంతా పోతే ట్రాన్స్‌ఫార్మర్ చూస్తాం. ఇదీ అంతే.

ఆ జీపులో ఒకే బెల్టు నాలుగు పనులు చేస్తుంది. స్టీరింగు పంపును తిప్పుతుంది. నీళ్ళ పంపును తిప్పుతుంది. డైనమోను తిప్పుతుంది. డైనమో వెనుక ఉన్న వాక్యూమ్ పంపు కూడా దానితోనే తిరుగుతుంది. బెల్టు తెగితే నాలుగూ ఆగుతాయి. స్టీరింగు బరువవుతుంది. బ్రేకు గట్టిపడుతుంది. బ్యాటరీకి చార్జింగు ఆగి ఎర్రలైటు వెలుగుతుంది. నీళ్ళు తిరగక ఇంజను మరుగుతుంది.

అన్ని బండ్లు ఒక తీరుగా ఉండవు. కొన్నిట్లో స్టీరింగు పంపుకు వేరే బెల్టు ఉంటుంది. అప్పుడు స్టీరింగు ఒక్కటే బిగుస్తుంది. కొన్నిట్లో వాక్యూమ్ పంపు ఇంజనుకే నేరుగా బిగించి ఉంటుంది. అప్పుడు బెల్టు తెగినా బ్రేకు సాయం పోదు. మన బండిలో ఎట్లా ఉందో మెస్త్రీని ఒకసారి అడిగి తెలుసుకోవాలి.

రెండు మొరాయించడానికి ఇంకో కారణం ఉంది. బండి నడుస్తుండగా ఇంజను ఆగిపోవడం. ఇంజను ఆగితే ఏ పంపూ తిరగదు. అప్పుడు చూడవలసింది బ్రేకును కాదు. ఇంజను ఎందుకు ఆగిందో చూడాలి. డీజిల్ అయిపోయిందా? డీజిల్ గొట్టంలో గాలి పట్టిందా? వైరు ఊడిందా?

స్టీరింగు ఒక్కటే బిగిస్తే

బ్రేకు బాగుండి స్టీరింగు ఒక్కటే బిగిస్తే ఈ వరుసలో చూడాలి. ఖర్చు లేని పని ముందు. ఖర్చయ్యే పని తర్వాత.

ముందు టైర్లలో గాలి చూడాలి. ముందు టైర్లలో గాలి తక్కువైతే టైరు నేలకు ఎక్కువగా అతుక్కుంటుంది. స్టీరింగు బరువవుతుంది. గాలి పట్టిస్తే చాలు, చాలాసార్లు బాగవుతుంది.

తర్వాత స్టీరింగు ఆయిల్ డబ్బా చూడాలి. ఆయిల్ గీత కన్నా కిందికి పోయిందా? నురుగు వస్తున్నదా? అయితే ఎక్కడో కారుతున్నది. కారే చోటు వెతకాలి. ఊరికే పోస్తూ ఉంటే లాభం లేదు. బండి పుస్తకంలో రాసిన ఆయిలే పోయాలి.

తర్వాత బెల్టు చూడాలి. స్టీరింగు మలిపినప్పుడు కీచుమని చప్పుడు వస్తే బెల్టు జారుతున్నట్టు. బెల్టు వదులైంది, లేదా అరిగింది.

అవన్నీ బాగుంటే ఒక పరీక్ష ఉంది. బండిని చదును నేల మీద నిలపాలి. వెనుక చక్రాలకు రాళ్ళు పెట్టాలి. ముందు చక్రాలను జాకీతో లేపి, కింద గట్టి స్టాండు పెట్టాలి. ఉత్త జాకీని నమ్మి బండి కిందికి పోకూడదు. ఇప్పుడు ఇంజను బంద్ ఉంచి, తాళంచెవితో స్టీరింగు లాకు తీసి తిప్పి చూడాలి. చక్రాలు గాలిలో ఉన్నా బిగువుగానే ఉంటే కీళ్ళు, రాడ్లు బిగిశాయి. గ్రీజు లేక తుప్పు పట్టి ఉండవచ్చు. చక్రాలు గాలిలో ఉన్నప్పుడు తేలికగా తిరిగి, నేల మీద మాత్రం బిగిస్తే టైరు గాలినో, పంపునో, బెల్టునో అనుమానించాలి.

కరెంటు రకం స్టీరింగు అయితే బెల్టు, ఆయిల్ ఉండవు. స్టీరింగు బొమ్మ లైటు వెలిగిందేమో చూడాలి. బ్యాటరీలో చార్జింగు తక్కువైనా ఆ స్టీరింగు బిగుస్తుంది.

బ్రేకు ఒక్కటే గట్టిపడితే

బ్రేకు జబ్బులు రెండు తీర్లు. ఒకటి పెడలు మెత్తగా లోపలికి పోవడం. రెండోది పెడలు గట్టిపడటం. రెంటికీ మందు ఒకటి కాదు.

పెడలు మెత్తగా దిగిపోతే బ్రేకు ఆయిల్ కారుతున్నట్టు, లేదా గొట్టంలో గాలి పట్టినట్టు. ఆ బండిని అడుగు కూడా నడపకూడదు.

పెడలు గట్టిపడితే ముందు బూస్టర్‌ను చూడాలి. దానికి సులువైన పరీక్ష ఉంది. మెస్త్రీ లేకుండానే చేయవచ్చు.

1. బండిని చదునులో నిలపండి. న్యూట్రల్‌లో పెట్టండి. హ్యాండ్ బ్రేకు వేయండి. ఇంజను బంద్ చేయండి.
2. బ్రేకు పెడలు నాలుగైదు సార్లు తొక్కి వదలండి. పెడలు గట్టిపడుతుంది. అది మామూలే. లోపల దాచిన వాక్యూమ్ అయిపోయింది.
3. ఇప్పుడు పెడలు మీద కాలు నొక్కి ఉంచండి. కాలు తీయకుండా ఇంజను స్టార్ట్ చేయండి.
4. పెడలు తనంతట తాను కొంచెం కిందికి దిగాలి. దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. దిగకపోతే వాక్యూమ్ అందడం లేదు, లేదా బూస్టర్ చెడిపోయింది.

దిగకపోతే వెంటనే కొత్త బూస్టర్ కొనవద్దు. ముందు ఇంజను నుంచి బూస్టర్‌కు పోయే రబ్బరు గొట్టం చూడండి. గొట్టం పగిలిందా? ఊడిందా? సుయ్‌మని గాలి చప్పుడు వస్తున్నదా? ఆ గొట్టానికి గాలిని ఒక వైపే పోనిచ్చే చిన్న వాల్వు ఉంటుంది. అది చెడినా ఇట్లాగే అవుతుంది. చిన్న గొట్టంతో పోయే పనికి పెద్ద ఖర్చు ఎందుకు?

బూస్టర్ బాగుండి కూడా బండి సరిగ్గా ఆగకపోతే చక్రాల దగ్గర చూడాలి. బ్రేకు ప్యాడ్లు అరిగి ఉండవచ్చు, మాడి నున్నగా అయి ఉండవచ్చు. లోపలి పిస్టను తుప్పు పట్టి బిగిసి ఉండవచ్చు.

ఇంకో హెచ్చరిక. బ్రేకు ఆయిల్ డబ్బాలో ఇంజను ఆయిల్ పోయకూడదు. చుక్క కూడా పోయకూడదు. ఇంజను ఆయిల్ తగిలితే లోపలి రబ్బర్లు ఉబ్బుతాయి. బ్రేకులు పట్టేస్తాయి. “రెండూ ఆయిలే కదా” అనుకుంటే మోసపోతాం.

నడిరోడ్డు మీద అయితే ఏం చేయాలి?

బండి పోతుండగా స్టీరింగు బిగిసి, బ్రేకు గట్టిపడితే ఇట్లా చేయాలి.

మొదట బెదరవద్దు. స్టీరింగు బరువైంది కాని తెగిపోలేదు. రెండు చేతులతో గట్టిగా పట్టి తిప్పితే తిరుగుతుంది.

బ్రేకును పదే పదే తొక్కి వదలవద్దు. ఇది చాలా ముఖ్యం. ఇంజను ఆగినా బూస్టర్ డబ్బాలో కొంత వాక్యూమ్ మిగిలి ఉంటుంది. అది రెండు మూడుసార్లకే సరిపోతుంది. తొక్కి వదిలిన ప్రతిసారీ కొంత ఖర్చవుతుంది. బిందెలో అడుగున మిగిలిన నీళ్ళ లెక్క దాన్ని వాడుకోవాలి. అందుకే ఒక్కసారి గట్టిగా తొక్కి, అట్లాగే నొక్కి పట్టాలి. సీటుకు వీపు ఆనించి, కాలి బలమంతా పెట్టాలి.

గేరు ఒక్కొక్కటిగా తగ్గించాలి. బండి వేగం తగ్గుతుంది. హ్యాండ్ బ్రేకును మెల్లమెల్లగా లాగాలి. ఒక్కసారే గుంజితే వెనుక చక్రాలు జారతాయి.

బండి పూర్తిగా ఆగేదాకా తాళంచెవి బయటికి తీయవద్దు. తీస్తే స్టీరింగుకు లాకు పడవచ్చు. అప్పుడు అసలే తిరగదు.

రోడ్డు పక్కకు ఆపినాక ముందు మనుషులను దింపాలి. చక్రాలకు రాళ్ళు పెట్టాలి. ఇంజను వేడిగా ఉంటే రేడియేటర్ మూత తీయవద్దు. మరిగే నీళ్ళు మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

డీజిల్ మిగులుతుంది, ప్రాణం మిగులుతుందా?

కొందరు డ్రైవర్లకు ఒక అలవాటు ఉంది. దిగుడు రాగానే ఇంజను బంద్ చేస్తారు. బండి తనంతట తానే జారుతుంది. “డీజిల్ మిగులుతుంది” అంటారు.

ఇప్పటిదాకా చదివింది గుర్తు చేసుకోండి. ఇంజను బంద్ అయితే ఏమవుతుంది? పంపులు ఆగుతాయి. స్టీరింగుకు సాయం పోతుంది. బ్రేకుకు రెండు మూడు తొక్కుల సాయమే మిగులుతుంది. దిగుడులో బండి వేగం పెరుగుతూ ఉంటుంది. ఎదురుగా లారీ వస్తుంది, లేదా బర్రెల మంద అడ్డం వస్తుంది. అప్పుడు స్టీరింగు తిరగదు. బ్రేకు దిగదు. బండి చెడిపోయిందని జనం అంటారు. నిజానికి బండి చెడలేదు. డ్రైవరే దాని బలం తీసేశాడు.

ఇంకో సంగతి. చాలా కొత్త బండ్లలో గేరులోనే ఉంచి, యాక్సిలరేటరు మీద కాలు తీస్తే దిగుడులో ఇంజనుకు డీజిల్ పోవడం దానంతట అదే ఆగుతుంది. అంటే ఇంజను బంద్ చేసినా మిగిలేది ఏమీ లేదు. పాత బండిలో మిగిలినా చెంచాడు మిగులుతుంది. చెంచాడు డీజిల్ కోసం పది మంది ప్రాణాలు పణంగా పెట్టవచ్చా?

ఇది డ్రైవరుకు మాత్రమే చెప్పే మాట కాదు. జీపు ఎక్కే ప్రతి ఒక్కరికీ చెప్పే మాట. దిగుడులో ఇంజను చప్పుడు ఆగిపోతే ఊరుకోవద్దు. “డ్రైవరన్నా, ఇంజను చాలూ చెయ్యి” అని అడగండి. కిరాయి ఇచ్చేవాళ్ళకు అడిగే హక్కు ఉంది.

వారానికి ఒకసారి

వారానికి ఒకసారి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఇవి చూసుకోవాలి.

• టైర్లలో గాలి.
• బ్రేకు ఆయిల్, స్టీరింగు ఆయిల్ గీత దాకా ఉన్నాయా?
• బెల్టుకు పగుళ్ళు ఉన్నాయా? అంచులు పీచులాగా లేచాయా? బెల్టును బొటనవేలితో నొక్కితే మరీ వదులుగా ఉందా?
• బండి కింద నేల మీద ఆయిల్ మరకలు ఉన్నాయా?
• బూస్టర్ పరీక్ష.

ఇంజను నడుస్తుండగా బెల్టు దగ్గర చేయి పెట్టవద్దు. చీర కొంగు, తువ్వాలు కూడా దగ్గరికి పోనీయవద్దు.

బండిలో ఒక కొత్త బెల్టు, దాన్ని బిగించే పానాలు ఎప్పుడూ ఉంచుకోవాలి. బెల్టు చిన్న వస్తువే. అది లేకపోతే పెద్ద బండి కదలదు. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టమన్నారు పెద్దలు. చిన్న చప్పుడునైనా పెద్ద మనసుపెట్టి వినాలి.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి

1. స్టీరింగు, బ్రేకు రెండూ ఒక్కసారే మొరాయిస్తే ముందు ఏం చూడాలి?
2. ఇంజను ఆగినప్పుడు బ్రేకును పదే పదే ఎందుకు తొక్కకూడదు?
3. బూస్టర్ బాగుందో లేదో ఎట్లా తెలుసుకుంటారు?
4. మీ ఊరి నుంచి పోయే రోడ్డు మీద దిగుడు ఎక్కడ ఉంది? అక్కడ జీపు డ్రైవర్లు ఇంజను బంద్ చేస్తున్నారా? మీ కేంద్రంలో అందరూ కలిసి చర్చించండి. డ్రైవర్లను కూడా పిలవండి. ఈ పాఠం వాళ్ళకు చదివి వినిపించండి.